సరిచూసిన లెక్క తప్పెలా అయింది?

విశాఖపట్నంలోని మురళీనగర్ నుంచి ఒక పాఠకురాలు, తన పేరు వెల్లడించవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. గణితం ఒక అంశంగా బీఎస్సీ చదివిన ఆమె, పెళ్లయ్యాక బయట ఉద్యోగం చేసే వీలు లేకపోవడంతో తొమ్మిదేళ్లుగా ఇంటి ముందుగదిలోనే సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నారు. ప్రస్తుతం ఎనిమిది మంది పిల్లలు వస్తున్నారు. వారిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అబ్బాయికి గత నెలలో కళాశాలలో పెట్టిన చిన్న పరీక్షలో, ఇచ్చిన రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోమని మూడు లెక్కలు వచ్చాయి. మూడింటికీ సున్నాలే పడ్డాయి. మర్నాడు సాయంత్రం అబ్బాయి తల్లి వచ్చి, మిగిలిన పిల్లలందరూ చాపల మీద కూర్చుని ఉండగానే జవాబు పత్రం ముందు పెట్టి, "మీరు చెప్పిన పద్ధతిలోనే చేశాడట మేడం. మీకు రాకపోతే రాదని చెప్పండి, మావాణ్ణి వేరేచోట చేర్పించుకుంటాం" అని వెళ్లిపోయారట.

వారం రోజులుగా ఆ అబ్బాయి రావడం లేదు. మరో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి ఆరా తీశారు. భర్త "ఈ తలనొప్పి మనకెందుకు, మానెయ్" అంటున్నారు. "మొదటి రెండు లెక్కల్లోనూ బిందువును ప్రతిక్షేపించి చూశాను, సరిపోయింది. మూడోదానికి వాలు లేదు కనుక సమీకరణం ఉండదని నేనే చెప్పాను. ఇప్పుడు బోర్డు ముందు నిలబడితే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. కళాశాలకు వెళ్లి లెక్చరర్‌ను అడగనా? ఆ తల్లితో మాట్లాడనా? ట్యూషన్ ఆపేయనా? ఈ నెల ఫీజు తిరిగి ఇచ్చేయాలా?" అని ఆమె అడుగుతున్నారు. మూడు లెక్కలనూ, అబ్బాయి రాసిన జవాబులనూ, కళాశాలవారి జవాబులనూ ఉత్తరం చివర ఎక్కించి పంపారు.

అమ్మా, మీ ఉత్తరం చదివాక ముందుగా నేను చేసిన పని, ఒక కాగితం తీసుకుని ఆ మూడు లెక్కలూ చేసి చూడడం. మీకు జరిగిన అవమానం చిన్నది కాదు. పిల్లల ఎదుట ఆ మాట అనడం ఎంతమాత్రం తగదు. అయితే ఆ మాటలో ఎంత నిజం ఉందో తేలనంత కాలం మీకు నిద్ర పట్టదు, అది తేలేది లెక్కల్లోనే. చేసి చూశాక నాకు అర్థమైంది ఇది: మూడు సున్నాలూ ఒకేలా కనిపిస్తున్నా, వాటి వెనకున్న కారణాలు మూడు రకాలు. ఒకచోట అబ్బాయి జవాబు సరైనదే, మార్కు అన్యాయంగా పోయింది. ఒకచోట అబ్బాయి నిజంగానే తప్పు చేశాడు, మీ పరిశీలన దాన్ని పట్టుకోలేకపోయింది. ఇంకొకచోట పొరపాటు మీది. ఈ మూడూ కలిసిపోయి ఒకే నిందగా మీ మీద పడ్డాయి కనుక మీరు మొత్తంగా ఒప్పుకోలేకపోతున్నారు, మొత్తంగా కాదనలేకపోతున్నారు.

మొదటి లెక్కలోని బిందువులు (2, 3), (6, 5). నిలువు తేడా 2, అడ్డం తేడా 4, కనుక వాలు (నిలువు తేడాను అడ్డం తేడాతో భాగిస్తే వచ్చేది) 1/2 అని అబ్బాయి సరిగానే కట్టాడు. తరువాత రెండో బిందువును తీసుకుని వై − 5 = (1/2)(ఎక్స్ − 6) అని మొదలుపెట్టి, వై = (1/2)ఎక్స్ + 2 దగ్గర ఆపాడు. కళాశాలవారి జవాబు ఎక్స్ − 2వై + 4 = 0. అబ్బాయి రాసినదాన్ని రెండుతో గుణించండి: 2వై = ఎక్స్ + 4. అంతా ఒకవైపు చేర్చండి: ఎక్స్ − 2వై + 4 = 0. రెండూ ఒకే గీత. ఇంట్లో ఒక పేరుతో, బడిలో ఒక పేరుతో పిలిచినంత మాత్రాన పిల్లవాడు ఇద్దరు కానట్టే, సమీకరణాన్ని సున్నా కాని ఏ సంఖ్యతో గుణించినా, పదాలను అటూ ఇటూ మార్చి రాసినా గీత మారదు. ఏ బిందువును ముందు తీసుకున్నారన్నదీ ఇక్కడ లెక్కలోకి రాదు. కట్టలకొద్దీ పత్రాలు దిద్దేవారు జవాబుల పట్టికతో చూపు కలుపుకుంటూ పోతున్నప్పుడు ఇలాంటివి జారిపోతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మీరు పంపిన ప్రశ్నలో ఫలానా రూపంలో రాయమని లేదు. అసలు ప్రశ్నపత్రంలో "సాధారణ రూపంలో" (అంతా ఒకవైపు చేర్చి, రెండోవైపు సున్నా ఉంచి) అన్న మాట ఉండి, అబ్బాయి మీకు చెప్పేటప్పుడు వదిలేసి ఉంటే, అప్పుడు కొంత మార్కు తగ్గించే హక్కు దిద్దినవారికి ఉంటుంది. అందుకని ఎవరితో మాట్లాడే ముందైనా ఆ పత్రాన్ని కళ్లతో చూడండి.

రెండో లెక్క దగ్గర కాస్త నిదానించాలి, మీ కథకు కీలకం అక్కడే ఉంది. బిందువులు (−1, 4), (3, −2). అబ్బాయి నిలువు తేడాను −2 − 4 = −6 అని సరిగా కట్టి, అడ్డం తేడా దగ్గర 3 − (−1) అని రాయవలసింది 3 − 1 అని రాసి 2 అన్నాడు. వాలు −3 అయింది. తరువాత వై − 4 = −3(ఎక్స్ + 1) అని వేసి, 3ఎక్స్ + వై − 1 = 0 అని తేల్చాడు. మీరు (−1, 4) ను ప్రతిక్షేపించి చూశారు: −3 + 4 − 1, సున్నా వచ్చింది. సరిపోయిందని ఊరట చెందారు. కానీ అదే సమీకరణంలో (3, −2) ను పెట్టి చూడండి: 9 − 2 − 1, అంటే 6. గీత ఆ బిందువు దరిదాపులకు కూడా పోవడం లేదు. అసలు వాలు −6/4, అంటే −3/2; సరైన సమీకరణం 3ఎక్స్ + 2వై − 5 = 0. ఇందులో (−1, 4) పెడితే −3 + 8 − 5, సున్నా. (3, −2) పెడితే 9 − 4 − 5, సున్నా.

మీ పరిశీలన ఎందుకు మోసం చేసిందో గమనించండి. వై − 4 = వాలు × (ఎక్స్ + 1) అని రాసిన క్షణంలోనే (−1, 4) ఆ గీత మీదికి వచ్చి కూర్చుంది; ఆ బిందువు పెడితే రెండు వైపులా సున్నాలే మిగులుతాయి కనుక వాలు స్థానంలో −3 ఉన్నా, 17 ఉన్నా, ఏమున్నా సరిపోతుంది. గోడకు ఒక మేకు కొట్టి దానికొక కర్రను తగిలిస్తే ఆ కర్ర ఎటైనా తిరుగుతుంది. రెండో మేకు కొట్టాకే అది కదలకుండా నిలుస్తుంది. మీరు తడిమి చూసింది మొదటి మేకును. కనుక సమీకరణం ఏ బిందువుతో మొదలుపెట్టారో దానితో కాక, పక్కన ఉండిపోయిన రెండో బిందువుతో సరిచూడాలి. వాలులో తప్పు దొర్లితే చెప్పేది అదొక్కటే. మొదటి లెక్కలో కూడా మీరు మొదలుపెట్టిన బిందువుతోనే సరిచూసి ఉంటారు. అక్కడ వాలు సరైనది కావడం వల్ల గట్టెక్కారు.

ఇది తేలికగా తీసుకోదగిన పొరపాటు కాదని మీకు దాపరికం లేకుండా చెప్పాలి, ఎందుకంటే తప్పును పట్టవలసిన అలవాటే ఇక్కడ తప్పును కప్పిపుచ్చింది. ఆ అలవాటు తొమ్మిదేళ్లుగా మీ దగ్గర చదివిన పిల్లలందరికీ వెళ్లి ఉంటుంది. అదే సమయంలో, దీన్ని దిద్దుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

ఇక అబ్బాయి చేసిన గుర్తుల తప్పు గురించి. రుణసంఖ్యను తీసివేసేటప్పుడు పిల్లలు జారడం మామూలే; కానీ "గుర్తులు చూసుకో" అని నూరుసార్లు హెచ్చరించడం కంటే ఒకసారి మెట్ల దగ్గరకు తీసుకువెళ్లడం మేలు. అపార్ట్‌మెంట్ మెట్లు ఒక్కొక్కటి ఆరు అంగుళాల ఎత్తు, పది అంగుళాల వెడల్పు ఉన్నాయనుకోండి. ఒక మెట్టు ఎక్కితే ఆరు పైకి, పది ముందుకు. ఐదు మెట్లు ఎక్కితే ముప్పై పైకి, యాభై ముందుకు. ఏ రెండు మెట్ల మధ్య కొలిచినా భాగహారం 3/5 మాత్రమే. పైనుంచి కిందికి దిగితే ఆరు కిందికి, పది వెనక్కి. రెండూ రుణాలే కనుక భాగహారం మళ్లీ 3/5. రెండు తేడాలనూ ఒకే బిందువు నుంచి, ఒకే దిశలో లెక్కగట్టాలన్న నియమం ఇందుకే పుట్టింది. నిలువు తేడాను కిందినుంచీ, అడ్డం తేడాను పైనుంచీ కొలిస్తే ఎక్కే మెట్లు దిగే మెట్లయిపోతాయి. −1 నుంచి 3 వరకు అడ్డం తేడా ఎంతో తెలియడానికి సూత్రం అక్కర్లేదు, సంఖ్యారేఖ గీసి వేలితో గెంతులు లెక్కపెట్టమనండి: −1 నుంచి 0 కి ఒకటి, అక్కడి నుంచి 3 కి మూడు, మొత్తం నాలుగు. ఆ వేలి లెక్కకు సూత్రం ఇచ్చిన సంఖ్య సరిపోకపోతే పిల్లవాడు తనంతట తానే ఆగుతాడు.

మూడో లెక్కలో బిందువులు (4, −1), (4, 6). అడ్డం తేడా సున్నా కావడంతో వాలు నిర్వచితం కాదని మీరు చెప్పింది నిజమే. అక్కడి నుంచి సమీకరణమే లేదన్న నిర్ణయానికి వెళ్లడం తప్పు. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపస్తంభాన్ని తలచుకోండి. దాని పాదం నుంచి కొసకు వెళ్లేసరికి ముందుకు ఎంత జరిగామంటే ఏమీ జరగలేదు. ఒక్క అడుగు ముందుకు వేస్తే ఎంత ఎత్తు పెరుగుతామన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. అంతమాత్రాన దీపస్తంభం లేకుండా పోదు. రెండు వేరు వేరు బిందువులు ఉంటే వాటిని కలుపుతూ గీత గీయవచ్చునన్నది ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పెట్టుకున్న మొదటి స్వీకృతం, అంటే రుజువు అడగకుండా ఒప్పుకునే మాట. ఆ గీతలను సంఖ్యలతోనూ అక్షరాలతోనూ పట్టుకునే దారి, ఆయన తరువాత దాదాపు 1900 ఏళ్లకు, 1637లో ఫ్రెంచి గణితవేత్త రెనే డెకార్ట్ ప్రచురించిన "జ్యామితి" అనే రచన ద్వారా లోకానికి తెలిసింది. అదే కాలంలో మరో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా కూడా వేరుగా ఆ దారినే పట్టాడు. గీత ముందు, సమీకరణం తరువాత. వాలు అన్నది ఆ సమీకరణాన్ని చేరడానికి ఉన్న దారుల్లో ఒకటి మాత్రమే, నిలువు గీతకు ఆ దారి మూసుకుపోతుంది.

మీరు పిల్లలకు వాలు దారి ఒక్కటే నేర్పుతున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. దానితోపాటు భాగహారం లేని రూపాన్ని కూడా చెప్పండి: వై నుంచి మొదటి బిందువు వై తీసివేసి, అడ్డం తేడాతో గుణించండి, ఎక్స్ నుంచి మొదటి బిందువు ఎక్స్ తీసివేసి, నిలువు తేడాతో గుణించండి, రెండూ సమానమని రాయండి. ఈ లెక్కలో (వై + 1) × 0 = (ఎక్స్ − 4) × 7 అవుతుంది, అంటే ఎక్స్ = 4. అందులో వై కనిపించకపోవడం చూసి పిల్లలు కంగారుపడతారు. భూపటం తెరిచి అనకాపల్లి దగ్గరగా పోయే 83 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని చూపించండి. ఆ గీత మీద ఎంత ఉత్తరానికి వెళ్లినా, ఎంత దక్షిణానికి వెళ్లినా అక్షాంశం మారుతుంది గాని రేఖాంశం 83 గానే ఉంటుంది. ఎక్స్ = 4 చెబుతున్న మాటా అదే, వై ఏదైనా కావచ్చు.

లెక్కలు తేలాయి కనుక ఇప్పుడు మనుషుల సంగతికి వద్దాం.

కళాశాలకు మీరే వెళ్లడం నాకు మంచిదిగా తోచడం లేదు. ట్యూషన్ టీచరు నిలదీయడానికి వచ్చిందని లెక్చరర్ అనుకుంటే ఆ బరువు ఏడాది పొడవునా అబ్బాయి మోయాలి. పైగా అక్కడ రెండో, మూడో లెక్కలు బయటికి వస్తే మొదటి లెక్కలోని న్యాయం కూడా మరుగున పడుతుంది. అబ్బాయే ఒక్క మొదటి లెక్కతో వెళ్లి, "సార్, నా జవాబును రెండుతో గుణిస్తే మీ జవాబే వస్తోంది, ఒకసారి చూస్తారా" అని అడిగితే అది చదువుకునే పిల్లవాడి ప్రశ్నగా ఉంటుంది. మార్కు వస్తుందని హామీ లేదు, అయినా వినే అవకాశం ఎక్కువ. దీనికి అబ్బాయి మళ్లీ మీతో మాట్లాడాలి, అందుకు ముందుగా అతని తల్లితో మాట్లాడవలసి ఉంటుంది.

ఆ తల్లితో మాట్లాడడానికి రెండు విధాలున్నాయి. మొదటి లెక్కను మాత్రమే చూపి, తప్పు కళాశాలవారిదేనని నిరూపించడం ఒకటి. ఆరోజుకు మీ మాట నెగ్గుతుంది, మీ మనసు కుదుటపడుతుంది. కానీ పది రోజుల్లో తరగతిలో మిగిలిన రెండు లెక్కలూ చేయిస్తారు, అబ్బాయి ఇంట్లో చెబుతాడు, అప్పుడు మీరు చెప్పిన నిజాన్ని కూడా ఆమె నమ్మదు. మూడింటినీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం రెండో విధం. "చూశారా, నేనన్నదే నిజం" అని ఆమె అనవచ్చు, ఆరా తీసిన ఆ ఇద్దరికీ చెప్పవచ్చు, ఒకరిద్దరు పిల్లలు మానేయవచ్చు. ఇంటి ఖర్చులో మీ సంపాదన ఎంత భాగమో మీకే తెలుసు కనుక ఈ నష్టాన్ని నేను తేలిక చేసి చెప్పలేను. అయినా నా మనసు ఈ రెండో దానివైపే ఉంది. తన కొడుకు పత్రాన్ని ఒక్కొక్క గీతా విప్పి, ఇది కళాశాలవారి పొరపాటు, ఇది బాబు చేసింది, ఇది నేను చెప్పడంలో జరిగింది అని ఎవరైనా చెప్పగలిగితే, ఆ మనిషికి లెక్కలు రావని అనడం ఎవరికైనా కష్టం. ఫోన్‌లో వద్దు. పిల్లలు లేని సమయంలో, పత్రాన్ని మధ్యన పెట్టుకుని మాట్లాడండి.

ఆమె లెక్కలు చదువుకోని మనిషైతే, రెండు వేరు జవాబులు ఒకటే ఎలా అవుతాయని తప్పక అడుగుతుంది. అప్పుడు జ్వరం చూసే థర్మామీటరును ఆసరా చేసుకోండి. నీరు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0, ఫారన్‌హీట్‌లో 32. మరిగేది సెల్సియస్‌లో 100, ఫారన్‌హీట్‌లో 212. ఇవి రెండు బిందువులు. వాటి గుండా పోయే గీత: సెల్సియస్‌ను 9/5 తో గుణించి 32 కలిపితే ఫారన్‌హీట్ వస్తుంది. అదే గీతను ఇంకొకరు, ఫారన్‌హీట్‌ను 5 తో గుణించి, అందులోంచి సెల్సియస్‌కు 9 రెట్లు తీసేస్తే 160 అని రాస్తారు. చూడడానికి పోలికే లేదు. కానీ 37 డిగ్రీల సెల్సియస్ తీసుకోండి. మొదటి లెక్కలో 66.6 కు 32 కలిపితే 98.6. రెండో లెక్కలో 98.6 ను 5 తో గుణిస్తే 493, 37 ను 9 తో గుణిస్తే 333, తేడా 160. పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసిన ఏ తల్లికైనా 98.6 అనే సంఖ్య కొత్త కాదు.

మీ వారు మానెయ్ అంటున్నది మీ మీద అభిమానంతోనే. ఆ దారి కూడా మూసుకోనవసరం లేదు. కానీ ఇప్పుడే ఆపేస్తే మిగిలిన ఏడుగురు సగం పరిశీలననే సరైన పరిశీలన అనుకుని వెళ్లిపోతారు, మీరూ ఈ సంఘటన దగ్గరే ఆగిపోతారు. ఆపాలనుకుంటే పరీక్షలయ్యాక, విద్యాసంవత్సరం చివర, ప్రశాంతంగా ఆపవచ్చు. ఇంటర్ వదిలేసి పదో తరగతి వరకే చెప్పుకోవడం మధ్యేమార్గం: ఆదాయం కొంత తగ్గుతుంది, సిద్ధం కావలసిన శ్రమ కూడా తగ్గుతుంది. ఇంటర్ పాఠాలు మీకు ఇష్టమైతే మాత్రం, రోజూ ఒక అరగంట ముందుగా లెక్కలు చేసుకుని కూర్చోవడానికి ఇంట్లో వీలు దొరుకుతుందా అని మీ వారితో అడిగి చూడండి. "మానెయ్" అన్న మనిషికి సహాయం చేసే పని ఒకటి చెప్పినట్టవుతుంది.

ఎవరు ఏమన్నా, ఏమనకపోయినా, రేపు సాయంత్రం చేయవలసింది ఒకటుంది. ఆ మాటలు ఆ గదిలో ఏడుగురు పిల్లలు విన్నారు. ఆ తల్లి గురించి వాళ్లతో ఏమీ మాట్లాడవద్దు. బోర్డు మీద (−2, −5), (4, −1) అని రాసి, సగం మందిని మొదటి బిందువుతోనూ, మిగిలిన సగం మందిని రెండో బిందువుతోనూ సమీకరణం మొదలుపెట్టమనండి. వాలు 4/6, అంటే 2/3. ఎటునుంచి వచ్చినా చివరికి 2ఎక్స్ − 3వై − 11 = 0 దగ్గర కలుస్తారు. కలవనివారిని వాడని బిందువును పెట్టి చూడమనండి. ఆ తరువాత, "ఇన్నాళ్లూ నేను మీకు ఒక్క బిందువుతో సరిచూడడం చూపించాను, అది చాలదు" అని మీ నోటితోనే చెప్పండి. చెయ్యి వణికినా ఫరవాలేదు, బోర్డు మీద అంకెలు కనిపిస్తే చాలు.

ఫీజు సంగతి. అబ్బాయి ఈ నెలలో కొన్నాళ్లు వచ్చి చదువుకున్నాడు కనుక ఆ రోజులకు మీరు తీసుకున్నది మీ శ్రమకు వచ్చినది. అడగకముందే మొత్తం తిరిగి పంపితే మూడు లెక్కలూ మీ తప్పేనని ఒప్పుకున్నట్టు అర్థం చేసుకుంటారు. వారు నిజంగానే వేరేచోట చేర్పిస్తామంటే, రాని రోజులకు ఎంతవుతుందో లెక్కగట్టి, ఆ మేరకు ఇచ్చేయండి.